తుమ్మకుండా వెళ్లాల్సిన ప్రయాణం

మా అత్తయ్య గుట్టుగా ఒక మాట చెప్పిందంటే, ఎదురింటివాళ్లు కిటికీలోంచి "అవునా, ఎప్పుడు?" అని అడుగుతారు. అందులో ఆమె తప్పేం లేదు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ పిండిమరలోనే ఆమె బతుకంతా. మర తిరుగుతుంటే పక్కనున్న మనిషికి మాట వినబడాలంటే అరవాల్సిందే. మర ఆపేశాక కూడా ఆ గొంతు దిగదు. మావయ్యదీ అదే గొంతు. ఒకరోజు పొద్దున్నే ఇద్దరూ "నీళ్లు కాగాయా?" "కాగాయి!" అనుకుంటుంటే, పక్కవాటాలో కొత్తగా దిగినవాళ్లు కొట్టుకుంటున్నారనుకుని విడదీయడానికి పరుగెత్తుకొచ్చారు. వచ్చినవాళ్లకి టీ ఇచ్చి పంపింది అత్తయ్య.

మరకి రెండు గదులు. ముందు గదిలో పిండి, వెనక గదిలో కారం. ఆ వెనక గదిలోకి మామూలు మనిషి తొంగిచూస్తే చాలు, ముక్కూ కళ్లూ ధారగా కారిపోతాయి. పెళ్లయిన కొత్తలో నేను మర్యాదకి లోపలికెళ్లి ఏడుస్తూ బయటికొచ్చాను. అత్త వారం తిరక్కుండానే కోడల్ని ఏడిపించిందని వీధంతా చెప్పుకున్నారు. అత్తయ్యా మావయ్యా మాత్రం ఆ గదిలోనే పీటలు వేసుకుని భోంచేస్తారు. మధ్యాహ్నం అక్కడే కునుకు తీస్తారు. "ఇల్లు మొత్తానికి హాయిగా ఉండేది ఈ గదేనే అమ్మాయ్" అంటుంది అత్తయ్య. వాళ్ల ముక్కులకి కారం ఎప్పుడో చుట్టమైపోయింది.

అత్తయ్య పనిలో మహా పట్టింపు మనిషి. ఒకరి గోధుమలు పట్టాక ఇంకొకరివి పొయ్యాలంటే మధ్యలో మర ఆపించి, తొట్టి దులిపి, పిండి దిగే గుడ్డ గొట్టాన్ని కర్రతో తపతపా కొట్టి, అప్పుడుగానీ పొయ్యనివ్వదు. ఎవరి డబ్బా ఎవరిదో తెలియడానికి మూతకో రంగు గుడ్డపీలిక కడుతుంది. "ఒకళ్లింటి పిండిలో ఇంకొకళ్లింటి పిండి కలిసిందంటే మనం మర మూసుకోవాల్సిందే" అంటుంది.

అలాంటి మనిషి మరకి తాళం వేసి ఊరు బయల్దేరిందంటే కారణం చిన్నది కాదు. మనిషి చిన్నదే అనుకోండి. మా ఆడపడుచు చిట్టికి పెళ్లయిన చాలా ఏళ్లకి ఆడపిల్ల పుట్టింది. అదీ తొందరపడి, నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రిలో గాజు పెట్టెలో పెట్టి, గొట్టాలు తగిలించి, తల్లినే తాకనివ్వలేదు కొన్నాళ్లు. ఇక మమ్మల్ని రానిస్తారా? అత్తయ్య ఫోనులోనే చూసింది మనవరాల్ని. చూసి ఊరుకోదుగా, రెండు అరచేతులూ ముందుకి చాపి, గాల్లోనే అటూ ఇటూ ఊపుకునేది. పిండి పట్టించుకోడానికి వచ్చినవాళ్లు "ఏంటి పెద్దమ్మా, చేతులు నొప్పా?" అని అడిగితే, "బరువు చూసుకుంటున్నాను" అనేది.

చివరికి పిల్ల ఇంటికొచ్చింది. ఇంటివాళ్లు ఎత్తుకోవచ్చు, కానీ తుమ్ములూ దగ్గులూ ఉన్నవాళ్లు గడప దాటి రాకూడదు అన్నాడట డాక్టరు. ఆ మాట విన్న పూటే మా ఆయన అందరికీ రైలు టిక్కెట్లు తీశాడు. మా ఆయన బడి వ్యాను నడుపుతాడు. సెలవులు కూడా కలిసొచ్చాయి.

టిక్కెట్లు చేతికొచ్చాయో లేదో, వార్తల్లో మొదలెట్టారు. చిట్టి వాళ్ల ఊరి చుట్టుపక్కల ఏదో దగ్గు జ్వరం తిరుగుతోందట. ముందు తుమ్ములు, తర్వాత దగ్గు, ఆపైన ఒళ్లు కాలిపోవడం. ఆ ఊళ్లోకి ఇంకా రాలేదు, రావచ్చు అంటున్నారు. చిట్టి ఫోను చేసింది.

"అమ్మా, ఇప్పుడు రావద్దే. కాస్త చూసి వద్దురుగాని."

"ఎంతకాలం చూడమంటావే? నాకు కళ్లజోడు కూడా మార్చారు చూసీ చూసీ."

"నీకు నవ్వులాటగా ఉంది. పిల్లకి ఒక్క తుమ్ము తగిలినా మళ్లీ గాజు పెట్టే."

అత్తయ్య అంది, "చిట్టీ, నా మరలో ఎప్పుడైనా ఒకరి పిండి ఇంకొకరి పిండిలో కలిసిందా?"

"లేదు."

"జబ్బు కూడా అంతేనే. కలవకుండా తెస్తాను వీళ్లందర్నీ. ఒక్కళ్లు తుమ్మినా నీ గడప తొక్కను. స్టేషన్ నుంచే వెనక్కి పోతాను. మాటిస్తున్నాను."

మావయ్య పక్కనుంచి అరిచాడు, "నేనివ్వలేదు మాట!"

"మీది కూడా నేనే ఇచ్చేశాను" అంది అత్తయ్య.

అక్కడి నుంచి మా ఇంట్లో తయారీ చూడాలి. మనిషికో నీళ్ల సీసా. ప్రతి సీసా మెడకీ మరలో కట్టినట్టే రంగు పీలిక. మావయ్యకి ఎరుపు, మా ఆయనకి నీలం, నాకు పచ్చ, మా అమ్మాయి పిచ్చుకకి పసుపు. (అసలు పేరు వేరే ఉంది, ఎగిరే వరస చూసి అందరూ పిచ్చుక అంటారు.) ఒకరి సీసా ఒకరు ముట్టకూడదు. నీళ్లు మరగబెట్టి చల్లార్చి పోసింది. సబ్బుని ముక్కలు కోసి, పాత మేజోడులో వేసి, సంచి పట్టీకి వేలాడగట్టింది, ఎక్కడ కొళాయి కనబడితే అక్కడ రుద్దుకోవడానికని. జ్వరం చూసే పుల్ల కొంది. రోజుకి రెండుసార్లు అందరి చంకల్లోనూ పెట్టేది. మావయ్య "నేను ఉడికానా లేదా అని చూస్తున్నావా ఏంటే?" అని విసుక్కునేవాడు.

దారిలో ఎవరితోనూ ముఖాముఖి కూర్చోకూడదు. బండిలో అమ్మేది ఏదీ తినకూడదు. ఇంటి నుంచి రొట్టె, ఉడికించిన గుడ్లు, తొక్క ఉన్న పళ్లు మాత్రమే. ఎవరైనా పిచ్చుక బుగ్గ గిల్లబోతే ఏం చెయ్యాలో కూడా నేర్పించింది. "నాకు గజ్జి అని చెప్పు." పిచ్చుకకి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఎవరూ గిల్లకపోయినా చెప్పడం మొదలుపెట్టింది.

ఇక అసలుది, ముక్కుకి కట్టుకునే మాస్కులు. కొట్లో దొరికేవి ఆమెకి నచ్చలేదు. "ఇందులోంచి చూస్తే వీధి కనబడుతోంది" అని తిప్పి ఇచ్చేసింది. పిండి గొట్టానికి కట్టే గుడ్డ తానొకటి కొత్తది ఉంటే తీసింది. "పిండి ధూళినే బయటికి పోనివ్వని గుడ్డ ఇది. జబ్బుని పోనిస్తుందా?" నాకూ నిజమే అనిపించింది. కొలతలు ఆమె తీసింది, మిషను మీద నేను కుట్టాను. మనిషికి రెండేసి, పైగా దారిలో అవసరపడితే ఉంటాయని ఇంకొన్ని. వాటిని వేణ్నీళ్లలో ఉడకబెట్టింది. వీధిలో ఆరేస్తే ఎవరెవరి దగ్గులు వచ్చి వాలతాయోనని లోపలే తాడు కట్టి ఆరేసింది. ఆరాక ఇస్త్రీ చేసి, గట్టి మూత డబ్బాలో పెట్టి, "స్టేషన్ దగ్గరపడేదాకా ఎవరూ తియ్యకూడదు, గాలి తగులుతుంది" అంది.

రైలు ప్రయాణం బంగారంలా సాగింది. కిటికీ పక్క బల్లలు మావే. మాకు అటుచివర గొడుగు పట్టుకున్న పెద్దాయనొకడు ఒంటరిగా కూర్చున్నాడు. మొదట ఆయన్ని చూసి అత్తయ్య నా చెవిలో "ముసలాయన దగ్గుతాడేమో కనిపెట్టి ఉండు" అని గుసగుసలాడింది. పెట్టె చివరి నుంచి ఎవరో "దగ్గడం లేదమ్మా, మేమూ చూస్తున్నాం" అన్నారు. ఆ పెద్దాయన నవ్వేశాడు. ఇక అక్కడి నుంచి దూరం దూరంగానే ఉంటూ అత్తయ్యా ఆయనా లోకంలోని కబుర్లన్నీ చెప్పుకున్నారు. దూరం వాళ్లకో లెక్కా! ఆయన తమ్ముడింటికి వెళ్తున్నాడు. దిగేది మేం దిగే ఊళ్లోనే. జబ్బు సంగతి ఆయనకి తెలియనే తెలియదు.

"అయ్యో, ముక్కుకి గుడ్డయినా లేకుండా బయల్దేరారా అన్నయ్యగారూ?" అని జాలిపడి, స్టేషన్ దగ్గరపడుతుంటే డబ్బా తెరిచి, ముందు ఆయనకే ఒక మాస్కు ఇచ్చింది. తర్వాత తనూ కట్టుకుని, మా అందరికీ తనే కట్టింది, చెవుల వెనక గట్టిగా ముడులు వేసి.

ముందు పిచ్చుక తుమ్మింది.

అత్తయ్య మొహంలో రంగు పోయింది. "ఏమీ లేదు, కిటికీ గాలి" అంది. కిటికీ మూసింది. ఆ మాట అంటుండగానే నేను తుమ్మాను. నా వెనకే మా ఆయన. మా ఆయన తుమ్మితే మామూలుగానే పిల్లులు గోడ దూకి పారిపోతాయి. అలాంటివి వరసగా వచ్చాయి. అటు గొడుగు పెద్దాయన కూడా అందుకున్నాడు. కళ్లు మండుతున్నాయి, గొంతు గరగర, ముక్కు ఆగదు.

"అయ్యో అయ్యో, పట్టేసిందే! ఒకళ్ల నుంచి ఒకళ్లకి ఎలా పాకుతోందో చూడండీ!" అని అత్తయ్య కంగారుపడి, జబ్బు ఇంకా పాకకుండా మా మాస్కుల మీదే రెండో మాస్కు కట్టింది. దాంతో మా పని అయిపోయింది. ఊపిరి తీస్తే తుమ్ము, వదిలితే తుమ్ము. పెట్టెలో జనమంతా సామాన్లు ఎత్తుకుని అటుచివరికి పోయారు. "మాకు గజ్జి కూడా ఉంది!" అని వాళ్ల వెనక పిచ్చుక అరిచింది, తుమ్ముల మధ్యలో.

మావయ్యకీ అత్తయ్యకీ మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

స్టేషన్‌లో దిగేచోట బల్ల వేసుకుని ఆరోగ్యశాఖవాళ్లు కూర్చున్నారు. ఒక నర్సమ్మ అందరి నుదుటికీ జ్వరం చూసే మిషను చూపిస్తోంది. మాకు చూపించాల్సిన పనే లేకపోయింది. మా చప్పుడు విని ఆవిడే లేచి ఎదురొచ్చింది. మమ్మల్నీ గొడుగు పెద్దాయన్నీ ప్లాట్‌ఫారం చివర గదిలో కూర్చోబెట్టింది. గాజు కిటికీ, చెక్క బల్ల, మూలనో కొళాయి, అంతే ఆ గది. డాక్టరు వచ్చి చూసేదాకా కదలకూడదంది. అత్తయ్యనీ మావయ్యనీ మళ్లీ మళ్లీ చూసి, "మీ ఇద్దరికీ ఏమీ లేదమ్మా. జ్వరం లేదు, తుమ్ము లేదు. మీరు వెళ్లొచ్చు" అంది.

గాజు కిటికీకి అటుపక్క చిట్టి మొగుడు నిలబడి ఉన్నాడు. మందుల కొట్లో పని చేసే మనిషి, నెమ్మదస్తుడు. "అత్తయ్యగారూ, మీరిద్దరైనా వచ్చెయ్యండి. చిట్టి పిల్లని ఒళ్లో పెట్టుకుని గుమ్మం వంకే చూస్తోంది" అన్నాడు.

అత్తయ్య లేచింది. సంచి భుజాన వేసుకుంది. తలుపు దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగిపోయింది.

"ఏమైందే? పద" అన్నాడు మావయ్య.

"ఎలా వెళ్తానండీ? దారి పొడుగునా వీళ్లతో ఒకే బల్ల మీద కూర్చుని వచ్చాను. ఒకే తొట్టిలో పోసిన గింజలం. నన్నొక్కదాన్నీ ఏరి తీసుకెళ్లి ఆ పసిదాని పక్కన పోస్తానంటే నేనొప్పుకోను." తర్వాత కిటికీ వైపు తిరిగింది. "బాబూ, చిట్టికి చెప్పండి. తుమ్మాం. లెక్కలేనన్ని తుమ్మాం. మేం వెనక్కి పోతామని చెప్పండి."

వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చుంది. రెండు అరచేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. "ఎత్తుకోకుండానే పోతున్నానే అమ్మాయ్" అంది. ఆ గొంతు అంత చిన్నగా వినడం నేను ఆ ఇంటికొచ్చాక అదే మొదలు. పక్కనే కూర్చున్న మావయ్యకి కూడా వినబడలేదు. నేనేదో చెప్పబోయాను, తుమ్ములు చెప్పనివ్వలేదు.

గొడుగు పెద్దాయనకి మాత్రం ఒళ్లు మండిపోయింది. "నర్సమ్మా, నేను రాయిలా ఉన్నానమ్మా ఈ చెల్లెమ్మ గుడ్డ ఇచ్చేదాకా! కట్టుకున్నానో లేదో, హా... హా... ఇదిగో!"

నర్సమ్మ ఆయన వంక చూసింది, మా వంక చూసింది. "ముందు అవన్నీ విప్పండి. కొళాయి దగ్గర మొహాలు కడుక్కుని ఈ నీలం మాస్కులు పెట్టుకోండి" అంది. విప్పాం, కడుక్కున్నాం, పెట్టుకున్నాం. ఒక తుమ్ము, ఇంకో తుమ్ము, మధ్యలో కాస్త ఖాళీ. ఆపైన గదంతా నిశ్శబ్దం. ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం, ఎప్పుడు మొదలవుతుందా అని. మొదలవలేదు.

నర్సమ్మ మా మాస్కొకటి చేత్తో తీసి దీపం కిందికి తీసుకెళ్లింది. తిప్పి చూసింది. నీలం మాస్కు కాస్త కిందికి లాగి వాసన చూసింది. అంతే! బల్ల పట్టుకుని తుమ్మింది, గోడ పట్టుకుని తుమ్మింది, తలుపు తీసుకుని బయటికెళ్లి తుమ్మింది. తిరిగొచ్చి, కళ్లు తుడుచుకుంటూ, "ఏం పూశారమ్మా దీనికి?" అంది.

"పూయడమేమిటి తల్లీ? ఉడకబెట్టాను, ఇస్త్రీ చేశాను."

"ఇలా ఇవ్వండి" అని మావయ్య అందుకుని, ముక్కు నిండా గట్టిగా పీల్చాడు. "శుభ్రంగా ఉందే! మన ఇంటి వాసనే."

మా ఆయన తల పట్టుకున్నాడు. "అమ్మా, వీటిని ఎక్కడ ఆరేశావే?"

"ఎక్కడేమిట్రా, వీధి గాలి తగలకూడదని మరలోనే, వెనక గదిలో..."

"అప్పుడు మర తిరుగుతోందా?"

"తిరక్కపోతే ఎలా? ఊరెళ్తున్నామని అందరూ ఒకేసారి మిరపకాయలు తెచ్చి పడేస్తే..." అని, సగంలో ఆగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

గొడుగు పెద్దాయన ముందు నవ్వాడు. తర్వాత నర్సమ్మ. ఆవిడ నవ్వుతోందో కారానికి ఏడుస్తోందో తెలియలేదు, రెండూ అయి ఉండొచ్చు. డాక్టరు వచ్చేసరికి గదిలో ఒక్కళ్లం కూడా నిటారుగా లేము. ఆయన గుమ్మంలోనే నిలబడి, "తుమ్ముల కేసని చెప్పారే?" అన్నాడు. నర్సమ్మ మాట్లాడలేక మాస్కు చూపించింది. "వాసన చూడకండి సార్!" అని మేమందరం ఒకేసారి అరిచాం.

ఆయన ఊరికే వదల్లేదు. అందరి గొంతుల్లోనూ దీపం వేసి చూశాడు, గుండెలు విన్నాడు, జ్వరాలు చూశాడు, కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాడు. తుమ్ము మచ్చుకి కూడా లేదు. "జబ్బేం లేదు. కానీ పసిపిల్ల దగ్గరికి ఇలా వెళ్లకండి. తలంటుకుని, బట్టలు మార్చుకుని, ఈ నీలం మాస్కులే పెట్టుకుని వెళ్లండి. మీ సంచిలో బట్టలు వద్దు, వాటికీ కారం పట్టి ఉంటుంది" అన్నాడు.

బయటికొచ్చాక అల్లుడు ఫోను కలిపి ఇచ్చాడు. అత్తయ్య అందుకుంది. "చిట్టీ, మాట తప్పాం. తుమ్మాం. కానీ అది..."

"ఆయన అంతా చెప్పారమ్మా." అటునుంచి చిట్టి నవ్వు ఆగడం లేదు. "రా. స్నానానికి నీళ్లు పెట్టాను. నాన్నని రెండుసార్లు రుద్దుకోమను!"

వెళ్లాం. చిట్టి ఇంటి పెరట్లో ఒకరి తర్వాత ఒకరం తలంటుకున్నాం. నేనూ అత్తయ్యా చిట్టి బట్టలు వేసుకున్నాం, పిచ్చుకకి చిట్టి చొక్కా పాదాల దాకా వచ్చింది. మా ఆయనకి అల్లుడి బట్టలు సరిపోయాయి. మావయ్యకే వచ్చింది చిక్కు. అల్లుడు మంచి భారీ మనిషి, మావయ్య చీపురుపుల్ల. ప్యాంటు నడుం దగ్గర ఒక చేత్తో గుప్పిట బిగించి పట్టుకుని నిలబడ్డాడు. వదిలితే కిందే!

చిట్టి లోపలి గదిలోంచి పిల్లని తెచ్చింది. తెల్లటి మెత్తటి గుడ్డలో, నిద్రపోతూ, పెదవులు మాత్రం కదిలిస్తూ. అత్తయ్య మంచం మీద కూర్చుని, మోచేతుల దాకా మళ్లీ కడుక్కున్న చేతులు చాపింది. చిట్టి పిల్లని వాటిలో పెట్టింది.

పిల్ల అత్తయ్య వేలొకటి పట్టుకుంది. నీలం మాస్కు మీదుగా ఆమె కళ్లు చిట్టిని చూశాయి, పిల్లని చూశాయి, మళ్లీ చిట్టిని చూశాయి. "బాగానే బరువుందే" అంది. "ఎవరే చిన్నదన్నది?"

మేం చుట్టూ చేరి చూస్తున్నాం. మావయ్య మాత్రం కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు.

"ఏమే, ఇక నాకియ్యి."

"ఉండండీ, ఇప్పుడేగా ఇచ్చింది."

"నీకేనా మనవరాలు? నేనూ తాతనే."

"తాతేగానీ, ఒక చెయ్యేగా ఖాళీ ఉంది మీకు. రెండో చెయ్యి వదిలారంటే ఊరంతా కళ్లు మూసుకోవాలి."

చిట్టి నవ్వలేక గోడకి చేరబడింది. అల్లుడు బెల్టు వెతకడానికి లోపలికి పరుగెత్తాడు. మావయ్య అంతసేపు ఆగే రకమా! గోడ వారగా నేల మీద చతికిలబడి, చొక్కా అంచులు ఒళ్లో సర్దుకుని, రెండు చేతులూ పైకి చాపాడు.

"ఇప్పుడియ్యి."

అత్తయ్య ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. పిల్ల గుప్పిట్లోంచి తన వేలు నెమ్మదిగా విడిపించుకుని, వంగి, ఆయన చేతుల్లో పెట్టింది. పెట్టి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది, తిరిగి తన వంతు ఎప్పుడొస్తుందా అని.